లైన్ 40 ఎంబీపీఎస్ ఉన్నా ఇంట్లో అందరూ ఒకేసారి వాడితే లాగ్: ప్లాన్ పెంచాలా, వేరే దారి ఉందా?

రాత్రి_షిఫ్ట్

అందరికీ నమస్తే. మాది తెనాలి. లోకల్ ఆపరేటర్ ఫైబర్, 40 ఎంబీపీఎస్ ప్లాన్. అప్‌లోడ్ కూడా అంతే అన్నారు, స్పీడ్ టెస్ట్ పెడితే నిజంగానే 38, 39 వస్తోంది. సమస్య ఏమిటంటే రాత్రి ఏడు దాటాక నేను అమెరికా క్లయింట్‌తో కాల్‌లో ఉంటాను, అదే టైముకి తమ్ముడు వాలరెంట్ (ఆన్‌లైన్ షూటింగ్ గేమ్) ఆడుతుంటాడు, నాన్న హాల్లో టీవీలో యూట్యూబ్ పెడతారు, అమ్మ ఫోన్ అమ్మది, గేటు దగ్గర ఒకటి వెనక ఒకటి కెమెరాలు, ఇవి కాక మేడ మీద అద్దెకున్న అబ్బాయి కూడా మా నెట్టే వాడతాడు, బిల్లులో సగం ఇస్తాడు.

ఉన్నట్టుండి నా గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. అవతల వాళ్ళు "మళ్ళీ చెప్పండి" అంటూనే ఉంటారు. సరిగ్గా అప్పుడే పక్క గదిలోంచి తమ్ముడి కేక వినిపిస్తుంది, వాడి పింగ్ (సర్వర్‌కి వెళ్ళి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 40 నుంచి 400కి పోయిందని. టీవీలో వీడియో మాత్రం ఆగదు, హాయిగా నడుస్తుంది! ఆపరేటర్‌ని అడిగితే 100 ప్లాన్ తీసుకోండి మేడమ్ అంటున్నారు. నెలకి అంత ఎక్కువ కట్టడం నాకు ఇబ్బంది కాదు కానీ కట్టాక కూడా ఇదే గోల అయితే? తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు_గన్నర్

అక్కా 100 కాదు, ఏకంగా 200 తీసుకోండి. ఐదారుగురికి 40 ఏ మూలకి సరిపోతుంది? మా ఇంట్లో 200కి మారాక నాకు పింగ్ గొడవే లేదు.

క్యూలో_ప్యాకెట్

తొందరపడి డబ్బు కట్టకండి అండీ. లెక్క చూడండి. వీడియో కాల్ హెచ్‌డీలో నడిచినా అటు ఒకటిన్నర ఇటు ఒకటిన్నర ఎంబీపీఎస్ చాలు. గేమ్ అయితే ఇంకా తక్కువ, ఒక ఎంబీపీఎస్ కూడా నిండదు. టీవీలో ఫుల్ హెచ్‌డీ వీడియోకి 5 వేసుకోండి. అన్నీ కలిపినా 40లో సగం కూడా కాలేదు. మరి లాగ్ ఎక్కడిది?

స్పీడ్ టెస్ట్ చెప్పేది లైన్ ఎంత మోయగలదో అంతే. మీకు కావాల్సిన సమాధానం వేరు: లైన్ పూర్తిగా నిండినప్పుడు మీ మాట ఉన్న చిన్న ప్యాకెట్ (డేటా ముక్క) ఎంతసేపు ఆగాల్సి వస్తోంది? అది కొలవాలి. ఇలా చేయండి.

ల్యాప్‌టాప్‌ని వైఫైలో కాకుండా వైరుతో బాక్సుకి కలపండి. రెండు కమాండ్ విండోలు తెరిచి ఒకదాంట్లో 192.168.1.1కి (మీ బాక్సు అడ్రస్ వేరే అయితే అది), రెండోదాంట్లో 8.8.8.8కి (బయట ఉన్న గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ పెట్టండి. ఎవరూ ఏమీ వాడనప్పుడు ఒక నిమిషం అంకెలు చూసి రాసుకోండి. తర్వాత వేరే ఫోన్ నుంచి పెద్ద వీడియో ఏదైనా డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ మళ్ళీ చూడండి. తర్వాత పెద్ద ఫైలు దించుకుంటూ చూడండి. ఇదంతా అయ్యాక మీరు కూర్చునే గదిలోంచి వైఫై మీద ఇంకోసారి. నాలుగు రీడింగులు ఇక్కడ పెట్టండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.

ఇంత ఓపిక లేకపోతే ఫాస్ట్ డాట్ కామ్‌లో టెస్ట్ అయ్యాక "మరింత సమాచారం" నొక్కండి, ఖాళీగా ఉన్నప్పటి లేటెన్సీ (ఆలస్యం), లోడ్ మీద ఉన్నప్పటి లేటెన్సీ రెండూ చూపిస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ స్పీడ్ టెస్ట్‌లోనూ ఉంటుంది. కానీ పింగ్ విండోలు పెడితే తప్పు వైఫైదా లైన్‌దా అన్నది విడిగా తెలుస్తుంది, అందుకే అది అడుగుతున్నా.

కేబుల్_క్రింపర్

నేను ఫీల్డ్‌లో పని చేస్తాను, ఇళ్ళకి వెళ్ళి బాక్సులు బిగించే పని. పై మాటకి నా ఓటు. మాకొచ్చే "నెట్ స్లో" కాల్స్‌లో చాలావాటికి లైన్ తప్పు ఉండదు, బాక్సు బీరువా వెనకో టీవీ వెనకో పెట్టి ఉంటుంది. ఒక చిన్న మాట, వైరు పెట్టేటప్పుడు చూసుకోండి, కొందరు 8 తీగల్లో 4 మాత్రమే క్రింప్ చేసి వదిలేస్తారు, అది 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. మీ 40కి అడ్డం కాదు గానీ రేపు 200కి వెళ్తే అడ్డమే.

రాత్రి_షిఫ్ట్

చేశాను, ఇవిగో. అన్నీ మిల్లీసెకన్లలో.

వైరు మీద, ఎవరూ వాడనప్పుడు: బాక్సుకి 1 లోపు, బయటికి 14.
వైరు మీద, అప్‌లోడ్ నడుస్తుంటే: బాక్సుకి 1 లోపే, బయటికి 390 నుంచి 430.
వైరు మీద, డౌన్‌లోడ్ నడుస్తుంటే: బాక్సుకి 1 లోపు, బయటికి 90, ఒక్కోసారి 120.
నా గదిలో వైఫై, ఎవరూ వాడనప్పుడు: బాక్సుకే 3 నుంచి 70 దాకా ఎగురుతోంది, బయటికి దానికి తగ్గట్టే.

అప్‌లోడ్ నడిచేటప్పుడు నాకు కాల్‌లో ఏం జరుగుతుందో అచ్చం అదే కనిపించింది. కానీ మా ఇంట్లో అంత అప్‌లోడ్ చేసేది ఎవరు?

క్యూలో_ప్యాకెట్

చాలా శుభ్రంగా కొలిచారు. మీ ఇంట్లో రెండు రోగాలున్నాయి, రెండిటికీ మందు వేరు.

మొదటిది అప్‌లోడ్. లైన్ నిండగానే బాక్సు తన దగ్గరికొచ్చిన ప్యాకెట్లని పారేయకుండా బఫర్‌లో (తాత్కాలిక మెమరీలో) దాచుకుంటుంది. ఆ బఫర్ ఎంత ఉందో మీ అంకెల్లోంచే లెక్క కట్టొచ్చు. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 5 ఎంబీ. 400 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే సుమారు 2 ఎంబీ డేటా ఎప్పుడూ వరుసలో నిలబడి ఉందన్నమాట. మీ గొంతు మోసే ప్యాకెట్ మూడు నాలుగు వందల బైట్లు కూడా ఉండదు, కానీ కాజా టోల్ గేట్ దగ్గర లారీల వెనక ఇరుక్కున్న బైక్ లాగా ఆ 2 ఎంబీ మొత్తం కదిలాకే దానికి దారి దొరుకుతుంది. టీవీకి ఏమీ కాకపోవడానికి కారణం, అది ముందే కొన్ని సెకన్ల వీడియో దించి పెట్టుకుంటుంది కాబట్టి అర సెకను ఆలస్యం దానికి తెలియదు. కాల్‌కీ గేమ్‌కీ ఆ వెసులుబాటు లేదు.

దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజినీరు తన ఇంటి కేబుల్ లైన్‌లోనే పెద్ద ఫైళ్ళు పంపుతూ ఆలస్యం సెకను దాటిపోవడం గమనించి, ఎందుకని తవ్వుకుంటూ వెళ్ళి ఈ పేరు పెట్టాడు. మెమరీ చౌకైంది కదా అని ప్రతి కంపెనీ బాక్సులో పెద్ద బఫర్లు పెట్టేయడం వల్ల వచ్చిన తంటా ఇది.

రెండోది మీ గది వైఫై. ఎవరూ వాడనప్పుడే బాక్సుకి 70 దాకా వెళ్తోందంటే దానికీ లైన్‌కీ సంబంధం లేదు. ఏ ప్లాన్ తీసుకున్నా అది తగ్గదు.

గుంటూరు_గన్నర్

అయితే మరి నాకు 200కి మారాక ఎందుకు బాగైంది?

క్యూలో_ప్యాకెట్

మీరు చెప్పింది నిజమే, అందులో అబద్ధం లేదు. అదే 2 ఎంబీ బఫర్ 200 ఎంబీపీఎస్‌లో 80 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది. 400తో పోలిస్తే స్వర్గం. కానీ రెండు సంగతులు. ఒకటి, ఫోన్ ఫొటోల బ్యాకప్ గానీ గేమ్ అప్‌డేట్ గానీ ఎంత లైన్ ఇస్తే అంతా తీసుకుంటుంది, 200 ఇస్తే 200 నింపుతుంది, కాకపోతే తొందరగా అయిపోతుంది. రెండోది, రెండు గోడల అవతల వైఫై వేగం 60, 70కి పడిపోయిన చోట లైన్ 200 ఉంటే క్యూ లైన్ దగ్గర కాకుండా వైఫై దగ్గర పేరుకుంటుంది. రోగం పోలేదు, చోటు మారింది. మీ ఇంట్లో వైఫై బాగుండి ఉంటుంది, అందుకే తేలిపోయింది.

రాత్రి_షిఫ్ట్

అప్‌లోడ్ ఎవరిదో తెలిసింది. బాక్సు పేజీలో డివైస్ లిస్ట్ చూశాను. మేడ మీద అబ్బాయిది. పెళ్ళిళ్ళకి వీడియో తీస్తాడు, ఈ మధ్య ముహూర్తాలు ఎక్కువ కదా, సాయంత్రం ఇంటికొచ్చి ఆ రోజు తీసిందంతా ఎడిటర్ కోసం డ్రైవ్‌లోకి ఎక్కిస్తాడట. ఒక్కో పెళ్ళి 100 జీబీ దాకా ఉంటుందట. ఏం చేయమంటారు? అడిగితే మానేస్తాడు పాపం, కానీ అది అతని బతుకుతెరువు.

గుంటూరు_గన్నర్

సింపుల్. అతని డివైస్‌కి 5 ఎంబీపీఎస్ లిమిట్ పెట్టేయండి.

మేడమీద_యాంటెన్నా

దీనికి నేను ఒప్పుకోను. బిల్లులో సగం కట్టే మనిషికి 40లో 5 ఇస్తారా? 100 జీబీ ఎక్కాలంటే 40 మీద ఐదున్నర గంటలు, 5 మీద దాదాపు రెండు రోజులు. రాత్రి రెండింటికి ఇల్లంతా నిద్రపోయి లైన్ ఖాళీగా పడి ఉన్నప్పుడు కూడా అతను 5 మీదే పాకాలి. ఒకరి పని ఆపి ఇంకొకరి పని నడిపించడాన్ని సర్దుబాటు అనరు.

పైగా ఆ లిమిట్ నిలబడదు కూడా. ఆండ్రాయిడ్ 10 నుంచీ ఫోన్లు ప్రతి నెట్‌వర్క్‌కీ నకిలీ మ్యాక్ అడ్రస్ (బాక్సు డివైస్‌ని గుర్తుపట్టే నంబర్) వాడతాయి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఇదే. నెట్‌వర్క్‌ని ఒకసారి మర్చిపోయి మళ్ళీ కలిస్తే బాక్సుకి కొత్త డివైస్ లాగా కనిపించొచ్చు, లిమిట్ పాత పేరు మీదే ఉండిపోతుంది.

క్యూలో_ప్యాకెట్

మేడమీద గారితో ఏకీభవిస్తున్నా. ఎవరినీ కట్టేయాల్సిన అవసరం లేని పద్ధతి ఉంది. పేరు ఎస్‌క్యూఎం, అంటే స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్. చేసేది రెండే పనులు.

మొదట, మీ రూటర్‌కి మీరే లైన్ వేగం కొద్దిగా తక్కువని చెబుతారు. 39 వచ్చే చోట 35 అనుకోండి. దాంతో ఆపరేటర్ బాక్సులోని పెద్ద బఫర్ ఎప్పుడూ నిండదు, క్యూ మీ రూటర్‌లోకి వస్తుంది, అంటే మీ చేతికి వస్తుంది. తర్వాత ఆ క్యూని తెలివిగా నడుపుతారు: ప్రతి కనెక్షన్‌కి విడి వరుస, అన్ని వరుసల్లోంచి వంతులవారీగా ఒక్కో ప్యాకెట్, తక్కువ తక్కువగా వచ్చే కాల్, గేమ్ ప్యాకెట్లకి ఆగకుండా దారి. ఏ వరుసైనా అదేపనిగా పేరుకుపోతుంటే అందులోంచి కొన్ని ప్యాకెట్లు వదిలేస్తుంది, పంపేవాడికి నెమ్మదించమని అదే సూచన.

ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. కోడెల్ అనే పద్ధతిని క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ 2012లో ప్రచురించారు, అదే ఏడాది దానికి విడి వరుసలు జోడించిన ఎఫ్‌క్యూ కోడెల్ లినక్స్ కెర్నెల్‌లోకి వచ్చింది. ప్యాకెట్ క్యూలో 5 మిల్లీసెకన్లకి మించి ఆగే పరిస్థితి 100 మిల్లీసెకన్ల పాటు కొనసాగితే వదిలేయడం మొదలుపెడుతుంది, మూల సూత్రం అంతే. దానికి ఇంకా మెరుగైన రూపం కేక్, 2018లో కెర్నెల్ 4.19లో చేరింది. మీకు కేక్ ఎందుకు నచ్చుతుందంటే అది కనెక్షన్ల మధ్యే కాదు, డివైసుల మధ్య కూడా పంచుతుంది. అంటే పై అబ్బాయి ల్యాప్‌టాప్ ఒకేసారి ఇరవై కనెక్షన్లు తెరిచి అప్‌లోడ్ చేసినా, మీ ల్యాప్‌టాప్ ఒక్క కనెక్షన్ మీదే ఉన్నా, మీ ఇద్దరికీ సమాన వాటా. మీరు వాడనప్పుడు మొత్తం 35 అతనికే.

పింగ్_పరిశీలన

రూటర్లలో క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు వెళ్ళాలో చెప్పేది) అని మామూలుగా వచ్చే ఆప్షన్ చాలదా? మా ఏసస్‌లో గేమ్‌కి ప్రయారిటీ ఇవ్వొచ్చు.

క్యూలో_ప్యాకెట్

లైన్ వేగం మీరే అంకె వేసి ఇచ్చే వీలుంటే కొంత పని చేస్తుంది. అది లేకుండా ప్రయారిటీ ఒక్కటే ఇస్తే ప్రయోజనం తక్కువ, ఎందుకంటే క్యూ మీ రూటర్‌లో లేదు, అవతలి బాక్సులో ఉంది, అక్కడ మీ ప్రయారిటీని పట్టించుకునేవాళ్ళు లేరు. ఇంకో ఇబ్బంది, ఇప్పుడు దాదాపు అంతా 443 పోర్ట్ మీద ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది, ఏది కాల్ ఏది బ్యాకప్ అన్నది రూటర్ ఊహించాల్సిందే. వంతులవారీ పద్ధతిలో ఆ ఊహ అక్కర్లేదు. మీ ఏసస్ మోడల్‌కి మెర్లిన్ అనే బయటివాళ్ళు చేసిన ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే అందులో కేక్ ఉండొచ్చు, చూడండి. మైక్రోటిక్ రూటర్లు వాడేవాళ్ళకి రూటర్ ఓఎస్ 7లో ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ రెండూ ఉన్నాయి.

రాత్రి_షిఫ్ట్

మా బాక్సులో ఇవేవీ లేవు. ఫైబర్, వైఫై, రూటర్ అన్నీ ఒకే తెల్ల బాక్సు. ఏం కొనాలి, ఎలా పెట్టాలి? నాకు కంప్యూటర్ తెలుసు కానీ నెట్‌వర్కింగ్ కొత్త.

కేబుల్_క్రింపర్

బాక్సు పార్ట్ నేను చెబుతాను. ఆపరేటర్‌కి ఫోన్ చేసి "బ్రిడ్జ్ మోడ్ చేసి ఇవ్వండి, పీపీపీఓఈ యూజర్ నేమ్ పాస్‌వర్డ్ ఇవ్వండి, వీల్యాన్ ఐడీ ఎంతో చెప్పండి" అని అడగండి. బ్రిడ్జ్ మోడ్ అంటే బాక్సు లైన్ మాత్రమే అందించి రూటర్ పనిని కొత్తదానికి వదిలేయడం, మిగతా రెండూ కొత్త రూటర్ లైన్‌కి కలవడానికి కావాల్సిన వివరాలు. ఈ మూడూ ఒకే కాల్‌లో అడగాలి, లేకపోతే ఒక్కోదానికి ఒక్కో రోజు పడుతుంది. చాలామంది లోకల్ ఆపరేటర్లు ఇస్తారు. ఇవ్వకపోయినా నష్టం లేదు, కొత్త రూటర్‌ని బాక్సు వెనక పెట్టుకోండి, డబుల్ నాట్ (అడ్రస్ మార్పిడి రెండు చోట్ల జరగడం) అవుతుంది అంతే, కాల్స్‌కి ఏమీ కాదు.

ఏది చేసినా పాత బాక్సు వైఫై ఆఫ్ చేయడం మాత్రం మర్చిపోవద్దు. మేడ మీద అబ్బాయి పాత వైఫై మీదే ఉండిపోతే అతని ట్రాఫిక్ కొత్త రూటర్ గుండా రాదు, మీరు పెట్టిన క్యూకి అతను కనిపించనే కనిపించడు. కెమెరాలు కూడా అంతే, మార్చి తీరాలి.

క్యూలో_ప్యాకెట్

రూటర్ సంగతి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్ల కోసం ఉచితంగా దొరికే ఫర్మ్‌వేర్) పనిచేసే మోడల్ కావాలి. కొనేముందు వాళ్ళ సైట్‌లో సపోర్ట్ ఉన్న హార్డ్‌వేర్ పట్టికలో మీ మోడల్, దాని వెర్షన్ నంబర్ రెండూ చూడండి. ఒకే పేరుతో వీ2, వీ3, వీ4 అని అమ్ముతారు, లోపల చిప్ వేరు, ఒకదానికి పనిచేసే ఫర్మ్‌వేర్ ఇంకోదాన్ని ఇటుకలా చేసేస్తుంది. డబ్బా కింద స్టిక్కర్ మీద వెర్షన్ ఉంటుంది. 40, 50 లైన్‌కి మామూలు రూటరే చాలు. 300, 500 లైన్లకి కేక్ నడపాలంటే ప్రాసెసర్ బలంగా ఉండాలి, ఎందుకంటే ప్రతి ప్యాకెట్‌నీ సీపీయూ ముట్టుకోవాలి. అందుకే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ అని ఒక టిక్కు ఉంటుంది, అది తీసేయాలి. అది ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు సీపీయూని దాటేసి పోతాయి, ఎస్‌క్యూఎం పెట్టీ పెట్టనట్టే.

పెట్టే పద్ధతి: సాఫ్ట్‌వేర్ పేజీలో లూసీ యాప్ ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసుకోండి. నెట్‌వర్క్ మెనూలో కొత్తగా ఎస్‌క్యూఎం వస్తుంది. ఇంటర్‌ఫేస్ దగ్గర బయటి లైన్ ఎంచుకోండి. అంకెలు కిలోబిట్లలో ఇవ్వాలి, డౌన్‌లోడ్ 34000, అప్‌లోడ్ 36000తో మొదలుపెట్టండి. క్యూ పద్ధతి కేక్, స్క్రిప్ట్ పీస్ ఆఫ్ కేక్. లింక్ లేయర్ దగ్గర ఈథర్‌నెట్, ఓవర్‌హెడ్ 44 ఇస్తే మీ ఫైబర్ లైన్‌కి భద్రమే. డివైసుల మధ్య పంపకానికి అడ్వాన్స్‌డ్‌లో డౌన్‌లోడ్ వైపు "నాట్ డ్యూయల్-డీఎస్‌టీహోస్ట్", అప్‌లోడ్ వైపు "నాట్ డ్యూయల్-ఎస్ఆర్‌సీహోస్ట్" అని రాయాలి, అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లోనే.

డౌన్‌లోడ్‌కి ఎందుకు ఎక్కువ తగ్గించామంటే, ఆ దిశలో అసలు క్యూ ఆపరేటర్ దగ్గర ఉంటుంది, మనం ఇటు చివర ఉండి దాన్ని అదుపు చేస్తున్నాం, కాబట్టి కాస్త ఎక్కువ ఖాళీ కావాలి. పెట్టాక మళ్ళీ అదే పింగ్ పరీక్ష చేయండి. ఆలస్యం తక్కువగానే ఉంటే అంకె కొంచెం కొంచెం పెంచుతూ పోండి, ఎక్కడ పింగ్ లేవడం మొదలవుతుందో అక్కడి నుంచి ఒక మెట్టు దిగి ఆగండి.

డాలస్_పెరడు

ఇక్కడ మాది ఫైబర్ కాదు, కేబుల్. డౌన్‌లోడ్ 300, అప్‌లోడ్ 10. మీకు 2 ఎంబీ బఫర్‌తో 400 మిల్లీసెకన్లు అయితే, ఇక్కడ 10 మీద అదే బఫర్ సెకనున్నర దాటుతుంది. రాజమండ్రిలో ఉన్న మా అమ్మతో వీడియో కాల్‌లో ఉండగా పిల్లలు ఫోన్ ఛార్జింగ్‌కి పెడితే చాలు, ఫొటో బ్యాకప్ మొదలై ఆవిడ ముఖం బిగుసుకుపోయేది. డాక్సిస్ (కేబుల్ నెట్ ప్రమాణం) 3.1 మోడెముల్లో పై (PIE) అనే క్యూ పద్ధతి అప్‌లోడ్ వైపు తప్పనిసరి చేశారు, పాత 3.0 మోడెం తీసేసి అది పెట్టాక సగం మేలు జరిగింది. మిగతా సగానికి కేక్ పెట్టాం. కేబుల్ మీద ఉన్న అమెరికా తెలుగువాళ్ళు ముందు మోడెం ఏ వెర్షనో చూసుకోండి.

రెండుగదుల_అద్దె

కొత్త రూటర్ కొనలేని వాళ్ళ కోసం కూడా కొంచెం చెప్పండి అన్నా. మాది అద్దె ఇల్లు, కూకట్‌పల్లి, ఓనర్ బాక్సు ముట్టుకోనివ్వడు.

మేడమీద_యాంటెన్నా

ఎవరు లైన్ నింపుతున్నారో అక్కడే కళ్ళెం వేయాలి తమ్ముడూ. కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్ యాప్ సెట్టింగుల్లో అప్‌లోడ్, డౌన్‌లోడ్ వేగం లిమిట్ ఉంది. వన్‌డ్రైవ్‌లోనూ ఉంది. స్టీమ్‌లో డౌన్‌లోడ్ వేగానికి లిమిట్, అప్‌డేట్లకి టైము రెండూ పెట్టుకోవచ్చు. విండోస్ అప్‌డేట్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఉంటుంది, అందులో వేరే కంప్యూటర్లకి పంపడం ఆపేయండి, ఎందుకంటే అది మీ అప్‌లోడ్ వాడి వేరేవాళ్ళకి అప్‌డేట్లు ఇవ్వొచ్చు. కెమెరాలు క్లౌడ్‌కి పంపేవైతే రోజంతా అప్‌లోడ్ చేస్తూనే ఉంటాయి, మెమరీ కార్డు వేసి కదలిక ఉన్నప్పుడే పంపేలా మార్చండి. లైన్‌లో ముప్పావు వంతు దాటకుండా చూసుకుంటే చాలు, క్యూ పెరగదు. ఇల్లంతా ఒప్పుకుంటేనే నడిచే పద్ధతి ఇది, అయినా ఖర్చు లేదు.

కేబుల్_క్రింపర్

వైఫై గురించి ఎవరూ మాట్లాడట్లేదు, ఆవిడ గదికి అదే పెద్ద సమస్య. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఒకదానితో ఒకటి కొట్టుకోని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఇరవై బాక్సులు ఈ మూడిట్లోనే కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, కానీ అది గోడలు సరిగ్గా దాటదు, మన పాత ఇళ్ళ తొమ్మిదంగుళాల గోడల దగ్గర ఇంకా బలహీనపడుతుంది. కాబట్టి నా మాట వినండి, గది దాకా ఒక వైరు లాగించండి. క్యాట్ 5ఈ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. అచ్చమైన రాగి తీగ అడగండి, అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చౌకగా అంటగడతారు, మూల దగ్గర వంచితే తెగుతాయి. చౌక రిపీటర్ల జోలికి పోవద్దు. వినేదీ మళ్ళీ పంపేదీ ఒకే రేడియో కాబట్టి వేగం సగం పోతుంది, ఆలస్యం పెరుగుతుంది.

రాత్రి_షిఫ్ట్

అప్‌డేట్. ఆపరేటర్ బ్రిడ్జ్ మోడ్ ఇచ్చారు. రూటర్ పెట్టి, పైన చెప్పినట్టే ఎస్‌క్యూఎం నింపాం, తమ్ముడే చేశాడు. నా టేబుల్ దాకా వైరు వచ్చింది. ఇప్పుడు పై అబ్బాయి అప్‌లోడ్ ఫుల్‌గా నడుస్తుండగా బయటికి పింగ్ 18 నుంచి 25. కాల్‌లో ఎవరూ "మళ్ళీ చెప్పండి" అనలేదు. అతనికి కూడా మేం పనిలో లేనప్పుడు మొత్తం లైన్ వెళ్తోంది, తేడా తెలియలేదన్నాడు. ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే.

ఒక్కటే మిగిలింది. రాత్రి తొమ్మిది, పదిన్నర మధ్య ఇంట్లో ఎవరూ వాడకపోయినా పింగ్ 14 నుంచి 60, 80 అవుతోంది. అప్పుడు డౌన్‌లోడ్ కూడా 20కి పడిపోతోంది. అంకె ఇంకా తగ్గించాలా?

క్యూలో_ప్యాకెట్

అది మీ చేతిలో లేదు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే పెరుగుతోందంటే క్యూ మీ గుమ్మం అవతల ఉంది. డౌన్‌లోడ్ 17000కి దించితే మీ వాటా వరకు కాస్త తేలిక పడొచ్చు, కానీ ఆ 60 పోదు. దాని కోసం రోజంతా మీ లైన్‌ని కుదించుకోవడం అనవసరం.

కేబుల్_క్రింపర్

ఇది మా వైపు సంగతి కాబట్టి నేనే చెప్పాలి. జీపాన్‌లో (ఒక ఫైబర్‌ని చాలా ఇళ్ళకి పంచే పద్ధతి) ఆపరేటర్ దగ్గర ఒక్కో పోర్ట్‌కి కిందికి 2.5 గిగాబిట్లు, పైకి 1.25 ఉంటుంది, దాన్ని 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతాం. 40 ప్లాన్ ఇళ్ళతో అది నిండడం అరుదు. నిండేది ఎక్కువగా ఊళ్ళోని నోడ్ (ఆపరేటర్ కేంద్రం) నుంచి పైకి వెళ్ళే లింకు. కనెక్షన్లు పెరిగాక కూడా ఆపరేటర్ దాన్ని పెంచకపోతే సాయంత్రాలు ఇలాగే ఉంటుంది.

ఫిర్యాదు ఇచ్చేటప్పుడు "స్లోగా ఉంది" అని ఇవ్వకండి, మా వాళ్ళు వచ్చి బాక్సు రీస్టార్ట్ చేసి వెళ్ళిపోతారు. వైరు మీద, ఇంట్లో ఏమీ నడవకుండా, పొద్దున ఆరింటి రీడింగ్, రాత్రి తొమ్మిదిన్నర రీడింగ్ పక్కపక్కన స్క్రీన్‌షాట్ తీసి పంపండి. బాక్సు స్టేటస్ పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ అని ఉంటుంది, అది కూడా పంపండి. మైనస్ 15, మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే ఫైబర్ బాగున్నట్టే, మైనస్ 27 దాటితే ఎక్కడో వంపో పాడైన స్ప్లైసో (ఫైబర్ అతుకో) ఉంది. పవర్ బాగుండి సాయంత్రం మాత్రమే పడిపోతుంటే ఇక వాళ్ళకి తప్పించుకునే దారి లేదు, లింక్ పెంచాల్సిందే. మీ వీధిలో ఇంకో ఇద్దరి రీడింగులు కూడా జతచేస్తే త్వరగా కదులుతుంది.

రెండుగదుల_అద్దె

ఇంకో డౌట్ అన్నా. ఓనర్ నెట్ వదిలేసి నేను 5జీ వైర్‌లెస్ బాక్సు తీసుకుందామనుకుంటున్నా. దానికీ ఈ ఎస్‌క్యూఎం పనికొస్తుందా?

క్యూలో_ప్యాకెట్

పనికొస్తుంది, కానీ అంకె వేయడమే చిక్కు. ఫైబర్ 39 అంటే, ఆపరేటర్ లింకు నిండితే తప్ప, పగలూ రాత్రీ 39. 5జీ పొద్దున 250 ఉండి రాత్రి 40కి పడొచ్చు. 200 అని పెడితే రాత్రి ఎస్‌క్యూఎం లేనట్టే, 35 అని పెడితే పగలంతా లైన్ వృథా. దీనికోసం ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో కేక్ ఆటోరేట్ అని స్క్రిప్ట్ ఉంది, అది పింగ్‌ని గమనిస్తూ ఆలస్యం లేవగానే అంకె తగ్గిస్తుంది, తగ్గగానే పెంచుతుంది. పెట్టడానికి కొంచెం ఓపిక కావాలి. అది కుదరకపోతే అప్‌లోడ్‌కి మాత్రం మీ రాత్రి రీడింగ్‌లో కనిష్ఠం ఎంతో అది ఇచ్చి ఊరుకోండి, కాల్స్‌కి ఎక్కువ దెబ్బ కొట్టేది అదే. తీసుకునేముందు రాత్రి తొమ్మిదికి మీ కిటికీ దగ్గర అదే కంపెనీ సిమ్‌తో ఫోన్‌లో ఫాస్ట్ డాట్ కామ్ నడిపి లోడ్ మీద లేటెన్సీ ఎంతో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతా.